గాలికి వల

ఫిన్‌స్పొంగ్‌లో నవంబరు. మధ్యాహ్నం మూడున్నరకే
కిటికీ నల్లబడుతుంది.
ఇరవై రెండేళ్లు టర్బైన్ రెక్కలు సానబట్టిన చేతులు నావి.
భుజం అరిగిందని డాక్టరు కాగితం రాశాక
పై అంతస్తులో ఒక కుర్చీ, రెండు తెరలు, ఒక మౌసు ఇచ్చారు.
మౌసు మరీ తేలిక.
ఏదో పట్టుకున్నట్టే ఉండదు.

నేర్పే అమ్మాయి తూవా. నా పెద్దవాడికంటే ఏడాది చిన్నది.
"మొదట నిప్పు వద్దు ఎస్కిల్," అంది.
"తిరగడమూ వద్దు.
చదునైన రేకు మీద చల్లగాలి పోనీ.
అది సరిగ్గా పోతే మిగతాది చూద్దాం."
గ్యాస్ టర్బైన్ నేర్చుకుందామని వచ్చి
వారం రోజులు
రేకు మీద గాలి పోనిచ్చాను.

గాలిని మూటగట్టలేమంటారు.
వల మాత్రం వేయొచ్చట.
నడిదారిలో వల కళ్లు పెద్దవైనా ఫరవాలేదు,
గోడ దగ్గరికొచ్చేసరికి
వెంట్రుకలో పదోవంతు ఉండాలి.
గోడను తాకిన గాలి కదలదు,
దాన్ని ఆనుకున్న పొర కొద్దిగా జరుగుతుంది,
దాని పైది ఇంకాస్త.
వేడి లోహంలోకి దిగేది ఆ కాస్త చోటులోనే.
ఇది నాకు ముందే తెలుసు
వేలికొసకు గరుకు తెలిసినట్టు.
తెలుసని ఏ మాటల్లో చెప్పాలో తెలీదు.

తొంభై రెక్కల చక్రంలో ఒక్క రెక్కే గీశాం.
"మిగతావన్నీ దీని నకళ్లే," అంది తూవా.
ఎనభై తొమ్మిదింటిని లెక్కలోంచి తీసేస్తుంటే
ఎందుకో మనసొప్పలేదు.
ఒక్కోదాన్నీ విడిగా ఒళ్లో పెట్టుకున్నవాణ్ణి.

మూడో వారం నిప్పు పెట్టనిచ్చింది.
పద్నాలుగు వందల డిగ్రీలు టైపు చేశాను.
నాలుగంకెలు, వేలికి సెగ తగల్లేదు.
తప్పెంత మిగిలిందో చూపే గీతలు
బుద్ధిగా దిగుతూ దిగుతూ
నూట నలభయ్యో మెట్టు దగ్గర
ఒక్కసారిగా తలెత్తి తెర దాటిపోయాయి.
లెక్క పేలిపోయింది.
గదిలో ఏ చప్పుడూ లేదు.
కింద షెడ్డులో ఏదైనా పేలితే పరుగెత్తేవాళ్లం,
ఇక్కడ తూవా దాల్చినచెక్క బన్ను తుంచి
సగం నాకిచ్చింది.
"ఎక్కడో ఒక కన్ను వంకరగా ఉంది, వెతుకు."
నలభై లక్షల కళ్లలో ఒకటి.

దొరికింది. బుధవారం.

తర్వాత రంగులొచ్చాయి, నీలం, పసుపు, నారింజ,
రెక్క ముందంచుకు చల్లగాలి శాలువా కప్పినట్టు.
ముచ్చటేసి ఫోనులో ఫోటో తీసుకున్నాను.
తూవా మాత్రం మెచ్చుకోలేదు.
ఎక్కడో సముద్రం మీది ప్లాట్‌ఫారం నుంచి తిరిగొచ్చిన
అసలు రెక్కను తెచ్చి బల్లమీద పెట్టింది.
మూడో వరస బెజ్జాల వెనక
నల్లగా, పెచ్చులూడి, మాడిన అట్టులా ఉంది.
మన లెక్కలో అక్కడ నీలం.

మూడు రోజులు సమీకరణాలు మార్చింది,
సుడులను కొలిచే పద్ధతి మార్చింది,
వల మళ్లీ అల్లింది.
నేను బొటనవేలితో ఆ రెక్కను తడుముతూ కూర్చున్నాను.

"ఈ బెజ్జం బొమ్మలో ఎంత?" అడిగాను.
"అర మిల్లీమీటరు."
"పూత పూశాక అంతుండదు.
యోర్మా ఒక్కో బెజ్జంలో సూది పెట్టి పూత తీస్తాడు.
మూడో వరసలో వంపుంది. సూది తిరగదు.
సగం పూడే ఉంటాయి."

తూవా నావైపు చూడలేదు.
అర చెరిపి పావు రాసింది.
రాత్రంతా యంత్రాలు లెక్క కట్టాయి.
పొద్దున మంచు మీద నడిచొచ్చేసరికి
మూడో వరస వెనక ఎర్రగా ఒక మరక.
అసలు మాడు కంటే వేలెడు కిందికుంది.
"ఇంకా కలవలేదు," అంది తూవా
కోటు విప్పకుండానే.

మధ్యాహ్నం కిందికెళ్లి యోర్మాకు చెప్పాను,
నీ సూది లెక్కలోకెక్కిందని.
కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి అన్నాడు:
"సన్న సూదులు కొనమని
ఎనిమిదేళ్లుగా అడుగుతున్నా.
అదీ రాయి, ఆ కంప్యూటర్లో."